ఇంటి పన్నులో దాక్కున్న పుస్తకం

మా చిన్నప్పుడు మా వీధి చివర శాఖా గ్రంథాలయం ఒక అద్దె గదిలో ఉండేది. రెండు బల్లలు, నాలుగు బెంచీలు, మూడు ఇనప బీరువాలు. పేపరు రావడం ఆలస్యం, విడదీసి పంచేసుకునేవాళ్లు. మొదటి పేజీ తాతలకు, ఉద్యోగాల ప్రకటనలు డిగ్రీ అన్నయ్యలకు, సినిమా పేజీ మాకు. ఒకసారి డిటెక్టివ్ నవల ఇంటికి తెచ్చుకుంటే, ఎవరో పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసిపెట్టాడు. చివరి పదహారు పేజీలు ఎలాగూ లేవు కాబట్టి ఆయన చేసింది ఉపకారమే అనుకున్నాను.

ఆ గది అద్దె ఎవరు కడుతున్నారని మాలో ఎవరం అడగలేదు. సర్కారు వారి దయ అనుకున్నాం. కడుతున్నది మేమేనని, మా నాన్న ఏటా వరసలో నిలబడి కట్టే ఇంటి పన్నులోనే దాని వాటా ఉందని నాకు తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ వాటా వెనక ఒక సంఘం ఉంది, కొన్ని యాత్రలున్నాయి, ఒక పడవ కూడా ఉంది. ఆ విశేషాలే ఇవి.

రాష్ట్రం లేదు, రాష్ట్ర సంఘం ఉంది

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది 1914 ఏప్రిల్ 10న. అంటే రాష్ట్రం కంటే రాష్ట్ర గ్రంథాలయ సంఘం 39 ఏళ్లు పెద్దది! మన దేశంలో ఇలాంటి సంఘాల్లో ఇదే మొదటిది. బెజవాడ రామమోహన గ్రంథాలయం పిలిస్తే ఊరూరి గ్రంథాలయాల వాళ్లు సభకు వచ్చారు. అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్నతనం నుంచి చూపు బాధ పడి, ‘ఆంధ్ర మిల్టన్’ అనిపించుకున్న మనిషి పుస్తకాల సభకు పెద్ద అయ్యాడన్నమాట. సంఘానికి తొలి అధ్యక్షుడు మోచర్ల రామచంద్రరావు. కార్యదర్శులు అయ్యంకి వెంకటరమణయ్య, నాళం కృష్ణారావు.

సంఘానికి ముందే బీరువాలు

ఆ సభకు మనుషులు ఎక్కణ్నుంచి వచ్చారంటే, అప్పటికే ఊళ్లలో గ్రంథాలయాలు మొలకెత్తి ఉన్నాయి. విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి 1886లో ‘సరస్వతీ నిలయం’ పెట్టారు. భీమవరం పక్కన కుముదవల్లి అనే పల్లెలో 1897లోనే వీరేశలింగం పేరుతో గ్రంథాలయం వెలిసింది. మరుసటి ఏడు రాజమండ్రిలో నాళం కృష్ణారావు అదే పేరుతో ఇంకొకటి తెరిచారు. నేటి గౌతమీ గ్రంథాలయానికి మూలం అదే. పెట్టేనాటికి నాళం వారికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ‘మీగడ తరకలు’ రాసి పిల్లలకు తీపి తినిపించిన కవి ఈయనే.

పత్రికతో మొదలైన మనిషి

అయ్యంకి వెంకటరమణయ్యను గ్రంథాలయ పితామహుడంటాం. ఆయన మొదటి ముచ్చట మాత్రం పత్రిక. బందరు నుంచి 1910లో ‘ఆంధ్రభారతి’ అనే సచిత్ర మాసపత్రిక నడిపారు. ఆ అలవాటు సంఘంలోకీ వచ్చింది. సంఘం పుట్టిన కొద్ది కాలానికే ‘గ్రంథాలయ సర్వస్వము’ మొదలైంది. ఏ ఊళ్లో కొత్త గ్రంథాలయం తెరిచారు, ఎక్కడ వార్షికోత్సవం జరిగింది, పుస్తకాలు ఎలా వరస పెట్టాలి, ఇలాంటి కబుర్లన్నీ అందులోనే. మధ్య మధ్య ఆగింది, మళ్లీ లేచింది. 1924లో ఆయన ఇంగ్లిషులోనూ ఒక గ్రంథాలయ పత్రిక పెట్టారు. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1979లో కన్నుమూశారు.

కాశీకి కాదు, గ్రంథాలయానికి యాత్ర

ప్రచారానికి వీళ్లు ఎంచుకున్న దారి మన జనానికి బాగా తెలిసిన దారే: యాత్ర. పది మంది కార్యకర్తలు జట్టుకట్టి, పాటలు పాడుకుంటూ, ఒక ఊరి నుంచి మరో ఊరికి నడిచేవాళ్లు. ఊళ్లోకి వెళ్లి సభ పెట్టడం, గ్రంథాలయం లేకపోతే పెట్టమనడం, ఉండి మూతపడితే మళ్లీ తెరిపించడం. వీటికి ‘గ్రంథాలయ యాత్రలు’ అనే పేరు స్థిరపడింది. కరపత్రం ఇస్తే చదువు రానివాడు ఏం చేస్తాడు? పాట అయితే అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెవినా పడుతుంది. చదువు రానివాళ్ల దగ్గర పుస్తకం గురించి మాట్లాడాలంటే అంతకంటే మంచి ఉపాయం ఏముంటుంది?

కాలువ మీద పుస్తకాల పడవ

కృష్ణా డెల్టాలో కాలువే రోడ్డు. ధాన్యం, సున్నం, పెళ్లివారు, అన్నీ పడవల మీదే. గ్రంథాలయ కార్యకర్త పాతూరి నాగభూషణం ఇది చూశారు. జనం పడవలో గంటల తరబడి ఊరికే కూర్చుంటున్నారు కదా, చేతిలో పుస్తకం పెడితే? 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి ప్రాంతంలో కాలువ పడవల మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకం దగ్గరికి పాఠకుడు రావాలన్న రివాజును తిరగేసి, పాఠకుడి దగ్గరికే పుస్తకం తేలుకుంటూ వచ్చింది. ఇదే పాతూరి వారు తర్వాత ‘గ్రంథాలయ సర్వస్వము’ను చాలా ఏళ్లు తన భుజాల మీద మోశారు.

ఇక్కడ పడవ, అక్కడ ఎడ్లబండి

దానికి నాలుగేళ్ల ముందు, 1931లో, తంజావూరు సీమలోని మన్నార్గుడిలో ఒక ఎడ్లబండి పుస్తకాలు వేసుకుని పల్లెలు తిరిగింది. చేయించినాయన కనకసభై పిళ్లై. ఆ ఏడాదే ఎస్.ఆర్. రంగనాథన్ తన అయిదు గ్రంథాలయ సూత్రాల పుస్తకం వెలువరించారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్నది అందులోని సారం. మద్రాసులో సిద్ధాంతం అచ్చవుతుంటే మన్నార్గుడిలో ఎద్దులు దాన్ని ఆచరణలో పెట్టేశాయి.

నవంబరు 14కు రెండో కారణం

నవంబరు 14 అనగానే నెహ్రూ, గులాబీ, బాలల దినోత్సవం. అదే రోజు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు కూడా మొదలై 20 దాకా సాగుతాయి. 1919 నవంబరు 14న మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. నడిపించిన చెయ్యి అయ్యంకిది. అధ్యక్షుడు బరోడా సంస్థాన గ్రంథాలయాల అధికారి కుడాల్కర్. బరోడానే ఎందుకంటే, అప్పటికే శాయాజీరావు గైక్వాడ్ మహారాజు అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ని రప్పించి సంస్థానమంతా గ్రంథాలయాలు పెట్టించారు. అక్కడ రాజు తలచుకున్నాడు, పని జరిగింది. ఇక్కడ రాజు లేడు, సంఘమే తలచుకోవాల్సి వచ్చింది.

లైబ్రేరియన్‌కూ బడి ఉండాలి

బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే వాడే లైబ్రేరియన్ అనే రోజుల్లో, ‘ఇదీ ఒక చదువే’ అని ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1920లో బెజవాడలో శిక్షణ తరగతులు పెట్టింది. దేశంలో అంతకు ముందు ఇలాంటివి జరిగింది 1911లో బరోడాలో, 1915లో లాహోరులో. బరోడాలో సంస్థానం, లాహోరులో విశ్వవిద్యాలయం వెనక ఉన్నాయి. బెజవాడలో వెనక ఉన్నది చందాదారులు.

జైలు నుంచి గ్రంథాలయానికి

గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలు బిడ్డ. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కింద జైలు పాలయ్యారు. బయటికొచ్చాక రాజకీయాలు, పత్రికలు, వయోజన విద్య అన్నీ చేశారు గానీ, చివరి దశాబ్దాల్లో ఆయన ఊపిరి గ్రంథాలయ సంఘమే. చాలా ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు. విజయవాడ పటమటలోని సంఘ భవనాన్ని ‘సర్వోత్తమ భవనం’ అంటారు. పేరు బాగుందని పెట్టింది కాదు, అది మనిషి పేరు.

సభకు అనుమతి లేదు, చదువుకోవచ్చు

హైదరాబాదులో కథ వేరు. నిజాం కాలంలో తెలుగు నేర్చుకోవడమే కష్టం. ‘గష్తీ నిషాన్ 53’ అనే హుకుం వచ్చాక సభ పెట్టాలన్నా ముందు అనుమతి కావాలి. అలాంటి చోట నలుగురు తెలుగువాళ్లు కలిసి కూర్చోవడానికి మిగిలిన చోటు గ్రంథాలయం. ఆ హుకుంకు ముందే, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెరుచుకుంది. వెనక ఉన్న పెద్దల్లో కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం. పేర్లు చూడండి: ఒకటి కృష్ణదేవరాయలు, ఒకటి రాజరాజనరేంద్రుడు. బోర్డు మీద ఉన్నది రాజు పేరే, అభ్యంతరం చెప్పడానికేముంది! ఇలా పేపరు చదువుకున్న బల్లల దగ్గర పెరిగినవాళ్లే 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభ నాటికి వేదికలెక్కారు.

నడిచే గ్రంథాలయం

వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. అచ్చు వేయించడంతో ఆగలేదు. పుస్తకాల మూట మోసుకుంటూ తానే ఊరూరా తిరిగి అమ్మారు. ‘ప్రజల మనిషి’ నవల రాసింది తర్వాత. రచయిత, ప్రచురణకర్త, అమ్మకందారు, కూలీ నలుగురూ ఒక్కరే అయినప్పుడు కమీషన్ గొడవ ఉండదు.

వేటపాలెం వెళ్తే తారీఖు దొరుకుతుంది

చీరాల పక్కన వేటపాలెం జీడిపప్పుకు పేరు. పరిశోధకులకు మాత్రం వేటపాలెం అంటే సారస్వత నికేతనం. 1918లో మొదలైంది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి అక్కడ భద్రంగా ఉంది. అసలు సంపద పాత పత్రికలు. మిగతా చోట్ల పొట్లాలు కట్టేసిన కాగితాన్ని వీళ్లు బైండు చేసి దాచారు. పాత తెలుగు పత్రికల మీద పనిచేసేవాళ్లలో ఈ ఊరి బస్సు ఎక్కనివాళ్లు తక్కువ.

చందా పుస్తకం నుంచి చట్టం పుస్తకానికి

సంఘాలు సాధించిన వాటిలో కంటికి కనబడనిది, అన్నిటికంటే పెద్దది ఇదే. చందాలతో పెట్టిన గ్రంథాలయం చందా ఇచ్చే పెద్దమనిషి ఉన్నంత కాలమే నడుస్తుంది. ఆయన పోతే బీరువా మీద దుమ్ము. అందుకే చట్టం కావాలన్నారు. రంగనాథన్ 1930లో కాశీలో జరిగిన ఒక సభలో నమూనా చట్టం ముందు పెట్టారు. 1945లో కొల్హాపూర్ సంస్థానం ఒక చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో మొదటిది 1948 మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి అది మన చట్టం కూడా. హైదరాబాదు రాష్ట్రం 1955లో చేసుకుంది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు, శాఖా గ్రంథాలయాలు, గ్రంథాలయ పన్ను అన్నీ దాని నీడే. తెలంగాణ కూడా ఆ చట్టాన్నే తన పేరుకు మార్చుకుని నడుపుతోంది.

‘థ’కు పొట్టలో చుక్క, కింద వత్తు, బోర్డు మీద గొడవ

ఊళ్లో గ్రంథాలయం బోర్డు చూడండి. సగం చోట్ల ‘గ్రంధాలయం’ అనే ఉంటుంది. సరైనది ‘గ్రంథాలయం’. గ్రంథం అంటే కూర్చి కట్టినది. తాటాకులకు కన్నం పొడిచి, తాడు దూర్చి ముడివేస్తే గ్రంథం. తమాషా ఏమిటంటే జిల్లా సంస్థల పేరును ఇంగ్లిషులో రాసేటప్పుడు సర్కారు కాగితాల్లోనూ ‘ధ’ ఉచ్చారణే కనిపిస్తుంది. పుస్తకాలు ఇచ్చే చోట పుస్తకం అనే మాటకే అక్షరదోషం! మా శాఖా గ్రంథాలయం బోర్డుకైతే వాన దెబ్బకు ఆ అక్షరం మొత్తం చెరిగిపోయి, తప్పు దానంతటదే పోయింది.

పక్కింటి పాఠం

కేరళలో పి.ఎన్. పణిక్కర్ 1945లో తిరువాన్కూరు గ్రంథశాలలను ఒక సంఘం కిందికి తెచ్చారు. అదే తర్వాత కేరళ గ్రంథశాలా సంఘం. 1975లో యునెస్కో దానికి అక్షరాస్యత కృషికి క్రుప్స్కయా బహుమతి ఇచ్చింది. పణిక్కర్ వర్ధంతి అయిన జూన్ 19ని అక్కడ ‘పఠన దినం’గా జరుపుతారు. సంఘం మనకంటే 31 ఏళ్లు చిన్నది. ఊరి గ్రంథాలయం ఊరివాళ్ల చేతుల్లోంచి జారిపోకుండా చూసుకోవడంలో మాత్రం పెద్దన్న.

గోధుమలిచ్చి పుస్తకాలు పట్టుకెళ్లారు

అమెరికా పీఎల్-480 గోధుమలు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. వాటికి మనం రూపాయల్లో డబ్బు కట్టాం. ఆ రూపాయలు ఇక్కడే పోగుపడితే, 1962 నుంచి కొంత పెట్టి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. అందులో తెలుగూ ఉంది. మన ఊళ్లో చెదలు తిన్న నవల అక్కడి బీరువాలో అట్ట నలగకుండా కనబడితే ఆశ్చర్యపోకండి, దాని ఖరీదు గోధుమ పిండి.

నాలుగు ప్రతులు, నాలుగు ఊళ్లు

1954 నాటి చట్టం ప్రకారం దేశంలో పుస్తకం ప్రచురించినవారు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబై, ఢిల్లీలలోని మరో రెండు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఆ నాలుగింట్లో ఒక్కటీ తెలుగు రాష్ట్రాల్లో లేదు. పాత తెలుగు పుస్తకం కోసం పరిశోధకులు మద్రాసు రైలెక్కడానికి ఇదొక కారణం.

ఖాళీ బీరువా, నిండిన కుర్చీ

గ్రంథాలయానికి ఎవరొస్తున్నారండీ అనేవాళ్లు ఒక్కసారి పొద్దున్నే హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడాలి. గ్రూప్స్ రాసేవాళ్లు భుజాన సంచి, చేతిలో నీళ్ల సీసాతో వస్తారు. పుస్తకం సొంతది, టిఫిన్ డబ్బా సొంతది. వాళ్లు అడిగేది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం. కాసేపు లేచి వెళ్లాలంటే కుర్చీలో నోట్సు పెట్టి వెళ్తారు, బస్సు సీట్లో చేతిరుమాలు వేసినట్టు. ఇరుకు గదిలో నలుగురితో ఉండే కుర్రాడికి ఆ కుర్చీయే చదువుకునే గది. దాన్ని గ్రంథాలయం పని కాదనలేం. పక్కనే కథల పుస్తకం కోసం వచ్చిన పిల్లకు కూడా చోటు ఉండాలి, అంతే.

రూపాయికి ఎనిమిది పైసలు

ఇప్పుడు మన రసీదు దగ్గరికి వద్దాం. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలుస్తుంది. వెయ్యికి 80. ఇంటి పన్ను 3,000 అయితే 240. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. అందాల్సింది గ్రంథాలయ సంస్థకు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే దశాబ్దాలుగా గ్రంథాలయ సంఘాల వినతిపత్రాల నిండా ఉంటోంది. జనం కట్టిన డబ్బు స్థానిక సంస్థల దగ్గరే బకాయిగా నిలిచిపోతుంది. అక్కడ ఆగితే ఇక్కడ కొత్త పుస్తకం ఆగుతుంది, గది అద్దె ఆగుతుంది, ఖాళీ అయిన లైబ్రేరియన్ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. యాత్రలు చేసినవాళ్లు, పడవ నడిపినవాళ్లు మనకు మిగిల్చి వెళ్లింది భవనాలు కాదు, ఈ హక్కు. దయగా ఇచ్చేదైతే ఇచ్చినంత తీసుకోవాలి. కట్టిన డబ్బుకైతే లెక్క అడగవచ్చు.

డబ్బిచ్చిన కొట్లో సరుకు అడగడానికి మనం మొహమాటపడం. మొన్న నేను కూడా మా శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. గది మారింది, బల్లలు అవే. సూచనల పుస్తకం అడిగితే లైబ్రేరియన్‌గారు సొరుగు అడుగు నుంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చారు. చివరిసారి ఎవరు రాశారో చూద్దునా, ఫ్యాను తిరగడం లేదన్న ఫిర్యాదు. ఫ్యాను ఇప్పుడు తిరుగుతోంది. ఆ ధైర్యంతో నేనూ పెన్ను తీసి, ఆ డిటెక్టివ్ నవల పేరు రాసి, కొత్త ప్రతి తెప్పించమన్నాను, చివరి పదహారు పేజీలతో సహా.